ఎనిమిది అంకె, ఏలూరు రోడ్డు

కొల్లేటి లంకల్లో ఒకప్పుడు పిల్లలకి ముందుగా అబ్బే విద్య దోనె నడపడం. ఇప్పుడు బండి తోలడం. చెరువు గట్ల మీద, వెనక మేత బస్తా వేసుకుని, కాలు నేలకి అందడమే అర్హతగా నేర్చేసుకుంటారు. అలా వచ్చిన నేర్పుకి సర్కారు వారి కార్డు అవసరమా, ఆ కార్డు కోసం పెట్టే టెస్టులో పస ఉందా అన్నది కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి దగ్గరి నుంచి కైకలూరు టీ కొట్ల దాకా నడిచే వాదనే. పలుచోట్ల విన్న ఆ మాటల్ని ఇక్కడ ఇద్దరి నోట పెట్టాను. ఒకరు మేనమామ. చేపల చెరువుల మీద బతికినవాడు, టీవీఎస్ మీద మొదలుపెట్టి గేర్ల బండికి వచ్చినవాడు, ఇప్పటికీ లైసెన్సు లేనివాడు. రెండో మనిషి మేనకోడలు. తాడేపల్లిగూడెంలో ఉద్యోగం, బస్సుల కోసం ఎదురుచూడలేక మోటారుసైకిలు నేర్చుకుంది, మొన్ననే టెస్టు పాసైంది. నేను ఏ పక్షమో దాచను. మధ్యలో నా మాటా వస్తుంది.

మేనమామ: పాసయ్యావంటగా అమ్మడూ. సంతోషమే. కానీ అడుగుతున్నా, ఎనిమిది అంకె మీద చుట్టూ తిరిగినంత మాత్రాన రోడ్డు వచ్చేసినట్టేనా? ఏలూరు రోడ్డు మీద ఎదురొచ్చే చేపల వ్యాను గీత చూసుకుని రాదు. నీ మీదికే వస్తుంది.

మేనకోడలు: వచ్చేసిందని నేనెప్పుడన్నాను మావయ్యా? అలాగని ఆ ఎనిమిదిని తీసిపారెయ్యకు. దానికోసం నేను పడ్డ పాట్లు నాకే తెలుసు.

మేనమామ: ఏం పాట్లే? మావాడు ఇంటర్ చదువుతూ గట్టు మీద ఒంటి చేత్తో తోలతాడు.

మేనకోడలు: తిన్నగా తోలతాడు. నడకంత నిదానంగా, కాలు దించకుండా చుట్టూ తిప్పమను చూద్దాం. వేగంలో బండి దానంతట అదే నిలబడుతుంది. నిదానంలోనే మనిషి చేతికి బండి వచ్చిందో లేదో బయటపడుతుంది. బడి ఆవరణలో సున్నంతో రెండు వలయాలు ఒకదానికొకటి ఆనించి గీసుకున్నాను. అవి కలిసే చోటికి వచ్చేసరికి ప్రతిసారీ కాలు పడిపోయేది. సంగతేమిటంటే నేను ముందు చక్రం కేసి చూస్తున్నాను. తల ఎత్తి, ఇంకా రాని వంపు కేసి చూడు, చేతులు వాటంతట అవే అటు తిరుగుతాయి. ఫస్ట్ గేరులో ఉండాలి, క్లచ్ సగమే వదలాలి, వెనక బ్రేకు మీద పాదం ఆనీ ఆనకుండా ఉండాలి, రేజు ఒకే తీరున పట్టుకోవాలి. ముందు బ్రేకు జోలికి పోకూడదు. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు అది పట్టావంటే బండి ఉన్నచోటే ఒరిగిపోతుంది. మోకాళ్లు ట్యాంకుని పట్టుకుని ఉండాలి, ఒళ్లు నిటారుగా ఉంచి కింద బండిని వంచాలి. ఇదంతా ఒకేసారి జరగాలి.

మేనమామ: నువ్వు మాటల్లో చెప్పేదంతా నా ఒంట్లో ఉంది. గట్టు మీద ఎదురుగా మేత ట్రాక్టరొస్తే అక్కడికక్కడే బండి తిప్పుకోవాలి. ఈ పక్కా చెరువే, ఆ పక్కా చెరువే. కాలు దించితే నీళ్లలోకే. ఏ బ్రేకు ఇన్‌స్పెక్టరొచ్చి నాకు మార్కులేశాడు?

మేనకోడలు: నీకు రాదని ఎవరూ అనరు. అంత వచ్చినవాడివి కార్డు తీసుకోవడానికి ఏమడ్డం అంటున్నాను.

మేనమామ: ఆఫీసువాళ్లు గీసే గీతంటేనే నాకు పడదు. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యం అని గీత గీశారు. 2006లో పొక్లెయిన్లు తెచ్చి చెరువుల గట్లు తెంచేశారు. గీసినవాడికి గానీ తెంచినవాడికి గానీ లంకల్లో ఇల్లుందా? ఆ గట్ల మీద తిరిగి, ఆ గట్లు పోతే మళ్లీ అప్పు చేసి బతికినవాళ్లం. మీ ఎనిమిది గీత కూడా అలాంటిదే నాకు. ఎక్కడో కూర్చుని గీస్తారు, మనం దాని మీద తిరగాలి.

మేనకోడలు: కొల్లేట్లో నీళ్లు నిలవాలా చెరువులు నిలవాలా అన్నదానికి రెండు పక్షాలున్నాయి మావయ్యా. చిత్తడి నేలల్ని కాపాడే రామ్‌సర్ ఒప్పందం కింద 2002లో ఈ సరస్సుని ప్రపంచ పటంలో పెట్టారు, ఆటపాకలో కొంగల్నీ గూడబాతుల్నీ చూడ్డానికి జనం వస్తారు, మరి మన పొట్ట సంగతేమిటన్నది న్యాయమైన ప్రశ్న. ఎన్నాళ్లయినా వాదించుకోవచ్చు. నీ తల రోడ్డుకి తగలాలా వద్దా అన్నదానికి రెండు పక్షాలెక్కడున్నాయి? 2022 ఒక్క సంవత్సరంలో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. కేంద్ర రవాణా శాఖ లెక్క ఇది. అందులో నూటికి 44 మందికి పైగా రెండు చక్రాల బండ్ల మీదివాళ్లే. హెల్మెట్ లేకుండా పోయినవాళ్లే 50 వేల మంది పైన.

మేనమామ: వాళ్లలో లైసెన్సు ఉన్నవాళ్లు లేరా?

మేనకోడలు: ఉన్నారు. ప్రమాదాల్లో చిక్కుకున్న డ్రైవర్లలో ఎక్కువమందికి లైసెన్సు ఉందని అవే లెక్కలు చెబుతాయి.

మేనమామ: చూశావా మరి! నేను ఇందాకటి నుంచి మొత్తుకునేది అదేగా. కార్డు ఉన్నా పోయేవాడు పోతున్నాడు.

మేనకోడలు: దాన్ని బట్టి అడగాల్సింది, ఆ కార్డు ఎలా ఇచ్చారని. టెస్టు ఎలా ఉండాలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో పదిహేనో నిబంధన చదివాను. ఎనిమిది అంకె మాట అందులో లేదు. ఉన్నదేమిటో విను. బయల్దేరే ముందు జాగ్రత్త తీసుకోవాలి, అద్దం సరిచేసుకోవాలి. గేర్లు సాఫీగా మార్చాలి, మలుపులు సరిగ్గా తిరగాలి. ఎదురొచ్చేవాళ్లకి దారివ్వాలి, ముందు బండిని దాటాలి, సమయానికి సంకేతమివ్వాలి. ఉన్నట్టుండి ఆపమంటే ఆపాలి. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలి.

మేనమామ: ఎత్తా? కొల్లేట్లో ఎత్తెక్కడిదే?

మేనకోడలు: కాలవల మీద వంతెనలున్నాయిగా. ఎక్కేచోట ముందున్న ఆటో ఆగిపోతే ఎంతమంది వెనక్కి జారడం నువ్వు చూళ్లేదూ? చట్టం అడిగింది రోడ్డంత ఉంది, మనం పెట్టుకున్నది సున్నం గీతంత ఉంది. కారు టెస్టయితే ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో కూర్చుంటాడు. మోటారుసైకిలు మీద ఎక్కడ కూర్చుంటాడు? దూరాన నిలబడి చూడ్డానికి వీలుగా ఎనిమిది ఒక్కటీ మిగిలిపోయింది.

ఇక్కడ మేనమామ గెలిచాడనే నా అభిప్రాయం. ఆయన గెలుపు మాత్రం టెస్టు ఎత్తేయడానికి పనికొచ్చేది కాదు, దాన్ని పెంచడానికి పనికొచ్చేది. బండిని నిదానంగా అదుపులో పెట్టగలగడం చిన్న విద్యేమీ కాదు. జాతరనాడు గుడి ముందు జనంలో బండి నడిపించేవాడికి అదే అక్కరకొస్తుంది. కానీ మనుషులు పోయేది నిదానంగా తిరిగే చోట కాదు. అరవైలో పోతూ వెనక చూడకుండా కుడికి కోసే చోట, ముందు లారీ పక్క నుంచి ఏమొస్తుందో తెలియకుండా దాటే చోట. మన టెస్టుకి ఆ చోట్లేవీ కనపడవు.

మేనకోడలు: లండన్‌లో మా పెద్దనాన్న కొడుకు బైకు లైసెన్సు తీసుకున్నాడు కదా. అక్కడ 2009 నుంచి టెస్టు రెండు ముక్కలు. మొదటిది ట్రాక్ మీద. అందులో ఎనిమిదీ ఉంది, మలుపులూ ఉన్నాయి, గంటకి 50 కిలోమీటర్ల వేగంలో ఉన్నట్టుండి ఆపడమూ ఉంది. అది పాసైతేనే రెండోది. రెండోది ఊళ్లో రోడ్డు మీద, దాదాపు 40 నిమిషాలు. పరీక్షకుడు వెనక ఇంకో బండి మీద వస్తూ, చెవిలో పెట్టిన రేడియోలో ఎడమకి తిరుగు, కుడికి తిరుగు అని చెబుతాడు. మధ్యలో కొంతసేపు ఏమీ చెప్పడు, బోర్డులు చూసుకుని మనమే పోవాలి. చిన్న తప్పులు పది దాకా ఓర్చుకుంటారు. పెద్ద తప్పు ఒక్కటి చేస్తే ఇంటికే. అద్దంలో చూసి ఊరుకుంటే వాళ్లకి చాలదట. పక్కకి జరిగే ముందు భుజం మీదుగా తల తిప్పి చూడాలి. అద్దానికి అందని చోటు ఒకటుంటుంది, మనల్ని గుద్దేవాడు అక్కడే ఉంటాడు.

మేనమామ: వాళ్ల రోడ్డు మీద గేదెలుంటాయా? బాతుల మంద అడ్డంగా నడుస్తుందా? ధాన్యం ఆరబోస్తారా? ఆ టెస్టు తెచ్చి ఇక్కడ పెడితే మనకేమొస్తుంది?

మేనకోడలు: సరే, మన రోడ్డు మీద టెస్టు పెట్టమని నీకే అప్పగించారనుకో. ఏం అడుగుతావు?

మేనమామ: అడుగుతా. మొదట ధాన్యం. కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం పోసి, చుట్టూ రాళ్లు పెడతారు. సాయంత్రం ధాన్యం ఎత్తుకుపోతారు, రాళ్లు వదిలేస్తారు. చీకట్లో ఆ రాయి కనపడదు. ధాన్యం మీదికి ఎక్కావే అనుకో, బ్రేకు ముట్టుకోకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు, రేజు తగ్గించి తిన్నగా పోనివ్వాలి. గింజ కింద గింజ దొర్లుద్ది, చక్రానికి పట్టు దొరకదు. ఇక చేపల వ్యాన్లు. ఐసు కరిగి, చేప జిగురు కలిసి కారుతూ పోతాయి. ఎండలో ఆ మరక తడిలాగే కనపడదు, రోడ్డు కొంచెం నల్లగా ఉంటుందంతే. మలుపులో దాని మీద వంగావా, బండి కింద, నువ్వు పైన కాదు, నువ్వూ కిందే. అందుకే వ్యాను పోయిన దారిలో పోకూడదు, దాని చక్రాలకి పక్కగా పోవాలి. తొలకరి వాన పడ్డాక కాసేపు అసలు బయల్దేరకూడదు. ఆ జిగురంతా అప్పుడే పైకి తేలుద్ది.

మేనకోడలు: గట్ల మీద?

మేనమామ: గట్టు మీద నల్లమట్టి. వాన పడ్డ గట్టు ఎక్కితే కాసేపటికి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి కూరుకుని చక్రం తిరగడం మానేస్తుంది. రేజిచ్చినకొద్దీ వెనక చక్రం చెరువు కేసి జరుగుద్ది. అప్పుడు దిగిపోవాలి. దిగి, పుల్లతో మట్టి గీకి, తోసుకుంటూ రావాలి. దిగడం నామోషీ అనుకునేవాడే నీళ్లలో పడేది. మాఘమాసం మంచులో ఏలూరు రోడ్డు మీద హైబీము వేస్తే తెల్లగోడ తప్ప ఇంకేం కనపడదు, డిమ్ములో పెట్టి ఎడం అంచు పట్టుకుని పోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదంతా దిగి కొల్లేరు పొంగినప్పుడు కైకలూరు – ఏలూరు రోడ్డు మీదికే నీళ్లొచ్చాయి, గుర్తుందా? కుర్రాళ్లు మోకాళ్ల లోతేగా అని దిగుతామన్నారు. లోతు చూసి దిగేది కాదది. నీళ్లు కదులుతున్నాయా లేదా చూడాలి. కదిలే నీళ్లలో బండి దించకూడదు.

ఈ మాటలు నేను ఏ ట్రైనింగ్ పుస్తకంలోనూ చూడలేదు. నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు ఎల్‌ఎల్‌ఆర్ కోసం పెట్టే ప్రశ్నల్లో త్రిభుజం బోర్డు హెచ్చరికనీ, ఎర్ర వలయం ఆజ్ఞనీ తెలిస్తే, నూటికి 60 మార్కులొస్తే, గట్టెక్కుతాం. అవీ తెలియాలి, కాదనను. కానీ ఆకివీడు వైపో కైకలూరు వైపో బండి మీద పోయే పిల్లకి చేప జిగురు సంగతి చెప్పనివాడు ఆ పిల్లని సగం దారిలో వదిలేసినట్టే. రవాణా శాఖ జిల్లా జిల్లాకీ ఇలాంటి పెద్దల్ని కూర్చోబెట్టి, వాళ్లు చెప్పింది రాసుకుని, ఎల్‌ఎల్‌ఆర్‌తో పాటు చిన్న పుస్తకంగా ఇస్తే ఎంత బాగుంటుందో! కొల్లేటికి ఒక పుస్తకం, పాడేరు ఘాట్‌కి ఇంకో పుస్తకం.

మేనకోడలు: ఇంత తెలిసినవాడివి, నాకెందుకు నేర్పలేదు మావయ్యా?

మేనమామ: నువ్వు అడిగావా?

మేనకోడలు: అడగాలనుకున్నాను. కుదర్లేదు. ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చాక ముప్పై రోజులు ఆగితేగానీ టెస్టుకి రానివ్వరు, ఆరు నెలల దాకా అది చెల్లుతుంది. ఆ నెలంతా ముందూ వెనకా ఎర్ర ఎల్ రాసిన తెల్ల బోర్డు కట్టుకుని తోలాలి. బోర్డు కనీసం 18 సెంటీమీటర్లుండాలని కూడా రాశారు. ఎల్ బోర్డు బండి వెనక, నేర్పడానికి కూర్చునే లైసెన్సుదారు తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు. ఈ ఊళ్లో నీకంటే బాగా నేర్పగలవాళ్లెవరూ లేరు. నీకు లైసెన్సు లేదు. గూడెంలో నాతో పనిచేసే అక్క వెనక కూర్చుని నేర్పింది. ఆవిడ ఊరి రోడ్లు నేర్పింది, పదహారో నంబరు హైవే నేర్పింది. ధాన్యం సంగతి ఆవిడకి తెలియదు.

మేనమామ: ...

మేనకోడలు: ఆ నెల రోజుల్నీ జనం ఖాళీగా గడిపేస్తారు, అదీ నా బాధ. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుంటారు, బీరువాలో పెడతారు, టెస్టుకి ముందురోజు ఎనిమిది నేర్చుకుంటారు. నేర్చుకోవడానికని ఇచ్చిన గడువుని ఎదురుచూపు చేసేశారు.

ఈ వాదన మొత్తానికీ నా దృష్టిలో మూలం ఇదే. టెస్టు నాడు జరిగేది కొన్ని నిమిషాల పని. టెస్టుకి ముందున్న నెలలోనే మనిషి తయారవుతాడు. ఆ నెలలో వెనక సీట్లో ఎవరు కూర్చున్నారన్నదే అసలు ప్రశ్న. మన పల్లెల్లో వెనక కూర్చోదగ్గవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల దగ్గర కార్డు లేదు గనక చట్టం వాళ్లని గురువుగా ఒప్పుకోదు. ఆ కార్డు తీసుకుంటే మేనమామకి కొత్తగా వచ్చే విద్యేమీ లేదు, ఆయన విద్య మాత్రం ఇంకొకరికి చేరుతుంది.

మేనమామ: నీ మాట బాగానే ఉంది గానీ, నా పని సంగతి చెప్పు. తెల్లారకముందే పట్టుబడి. మధ్యాహ్నానికి లోడు ఎత్తాలి. టెస్టని ఒక రోజు, ఎల్‌ఎల్‌ఆర్ అని ఒక రోజు, ఫొటో అని ఒక రోజు. బండి కొన్నప్పుడు మనది కృష్ణా జిల్లా, నంబరు ఏపీ16. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా అన్నారు. ఏ ఆఫీసుకి పోవాలో కూడా తెలీదు. ఏజెంటు నాలుగు వేలిమ్మన్నాడు, టెస్టుకి వచ్చి కనపడితే చాలన్నాడు.

మేనకోడలు: ఆఫీసు బాధ నీకక్కర్లేదు. సొంత రాష్ట్రంలో ఏ ఆఫీసులోనైనా దరఖాస్తు పెట్టుకోవచ్చని 2019 సవరణలో రాసేశారు. స్లాటు ఫోన్లోనే తీసుకోవచ్చు. కేంద్రం పెట్టిన ఫీజు ఎల్‌ఎల్‌ఆర్‌కి 150, టెస్టుకి 300, కార్డుకి 200 రూపాయలు. దాని మీద సర్వీసు చార్జీలేవో కొంత పడతాయి. నీ ఏజెంటు అడిగిన డబ్బు దేనికి? నీకు రాని పని చేసిపెట్టడానికి కాదు, నీకు వచ్చిన పనిని చూడకుండా వదిలేయడానికి. అంత బాగా తోలేవాడివి దానికి డబ్బివ్వడమేమిటి?

మేనమామ: పనిలో పని, టీవీఎస్ మీద టెస్టు ఇచ్చేస్తే సులువుగా అయిపోద్దిగా.

మేనకోడలు: గేర్లు లేని బండి మీద టెస్టిస్తే గేర్లు లేని బండికే లైసెన్సు. నువ్వు రోజూ తిరిగేది గేర్ల బండి. పోలీసు సంగతి పక్కన పెట్టు. నువ్వు ఇన్సూరెన్సు కడుతున్నావా?

మేనమామ: కడుతున్నా. ఏటా కడుతున్నా.

మేనకోడలు: బండి సొంతదారు తోలుతూ పోతే ఇంట్లోవాళ్లకి 15 లక్షలిచ్చే పాలసీ 2018 నుంచి ఉంది. అది అందాలంటే తోలినవాడికి చెల్లే లైసెన్సు ఉండాలి. నీకు లేదు గనక నువ్వు కట్టే డబ్బుకి అత్తకి వచ్చేది ఏమీ లేదు. ఇంకోటి. నీ బండి తగిలి దారినపోయేవాడికేమైనా అయితే, కంపెనీ వాడికి పరిహారం ఇచ్చి, లైసెన్సు లేదు గనక ఆ డబ్బు తిరిగి నీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఆ దారి తేల్చింది. చెరువు లీజుకి తెచ్చిన అప్పు తీర్చడమే నీకు దినదినగండం. దాని మీద ఇదొకటి ఎత్తుకుంటావా?

మేనమామ: ఏవే, ఆ పదిహేను లక్షల సంగతి నాకెవరూ చెప్పలేదే!

మేనకోడలు: మీవాడి సంగతి కూడా చెబుతా, కోపం తెచ్చుకోకు. వాడికి పదిహేడు. పదహారు నిండితే తోలొచ్చని ఊళ్లో అంటారు. అది 50 సీసీ లోపు, గేర్లు లేని బండికి మాత్రమే. మన టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 పేరులోనే ఉంది, అది యాభై దాటిందని. వాడు ఎవరినైనా గుద్దితే జైలు నీకు, మూడేళ్ల దాకా. 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. వాడికి ఇరవై అయిదేళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు.

మేనమామ: వాడు తోలకపోతే మేత ఎవరేస్తారు? గట్టు మీద పోలీసెవరున్నారు?

మేనకోడలు: గట్టు వరకే ఆగుతున్నాడా? మొన్న ఆలపాడు సెంటర్లో చూశాను, ఇద్దర్ని ఎక్కించుకుని.

మేనమామ: ...దాని సంగతి నేను చూసుకుంటా.

మేనకోడలు: చూసుకో. నీ సంగతి తేల్చు. అసలు అడ్డమేమిటి? డబ్బు కాదు, రోజు కాదు. నలభై దాటినవాళ్లు డాక్టరు దగ్గర ఫారం 1ఎ రాయించుకోవాలి, అదేనా?

మేనమామ: ...

మేనకోడలు: అక్కడ కన్ను చూస్తారు. మంచి వెలుతురులో 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు ప్లేటు గుర్తుపట్టగలడా అని ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంది. అదిగో, ఆ వేపచెట్టు కింద ఐసు వ్యాను. పాతిక మీటర్లుంటుంది. చదువు.

మేనమామ: ఏపీ ముప్పై ఏడు... తర్వాత టీ... నలభై రెండు...

మేనకోడలు: టీ కాదు. వై.

మేనమామ: ఆ వ్యాను మా రాజుగారిదే, నంబరు నాకు నోటికొచ్చు.

మేనకోడలు: నోటికి రావడం చాలదు మావయ్యా, కంటికి రావాలి. రాత్రి ఎదురు లైటు పడితే బండి పక్కకి తీసి ఆపేస్తున్నావని అత్త చెప్పింది. శుక్లమేమో. ఆపరేషన్ అయితే మళ్లీ స్పష్టంగా కనపడుతుంది. ఈ కాగితం పుణ్యమా అని ఆ డాక్టరు దగ్గరికి వెళ్లు. లైసెన్సు వచ్చినా రాకపోయినా చూపు వస్తుంది.

మేనమామ: వెళ్లాక, నీకిక బండి వద్దంటే?

మేనకోడలు: వద్దన్నంత ఘోరంగా ఉంటే, ఆ చూపుతో మంచులో ఏలూరు రోడ్డెక్కితే ఏమవుతుందో నీకే తెలుసు.

ఈ భయం మేనమామ ఒక్కడిదే కాదు. నలభైలు, యాభైలు దాటిన మగవాళ్లలో చాలామంది లైసెన్సుని వెక్కిరించే మాటల వెనక ఇది ఉండటం నేను చూశాను. బండి పోతే పని పోతుంది, పని పోతే ఇంట్లో మాట పోతుంది. పరీక్ష అంటే కొత్తగా ఏదో ఇచ్చేది అని కుర్రాళ్లు అనుకుంటారు, ఉన్నది లాక్కునేది అని పెద్దవాళ్లు అనుకుంటారు. రవాణా శాఖ వాళ్లు ఊళ్లలో లైసెన్సు మేళాలు పెట్టినప్పుడు పక్కనే కంటి డాక్టర్ని కూడా కూర్చోబెడితే, ఆ భయంలో సగమైనా తగ్గుతుంది. అద్దాలు పెట్టుకుంటే సరిపోయే కన్ను కోసం జీవితాంతం దొంగచాటుగా తిరగక్కర్లేదు.

మేనమామ: సరే, డాక్టరు దగ్గరికి వెళ్తాను. టెస్టు సంగతి మాత్రం ఇప్పుడే మాటివ్వను. ఆ ఎనిమిది మీద పిల్లలతో పాటు వరసలో నిలబడి, కాలు పడితే నవ్వుతారు.

మేనకోడలు: కాలు పడితే వారం తర్వాత మళ్లీ రావచ్చు. మూడుసార్లు పోతేనే అరవై రోజులు ఆగమంటారు. గట్టు మీద ట్రాక్టరుకి ఎదురు తిరిగేవాడికి కాలు పడదులే.

మేనమామ: అది కాదే. నువ్వు చెప్పు. టెస్టు పాసయ్యావు. ఏలూరు రోడ్డు మీద నువ్వెలా తోలతావో నేను చూడొద్దా?

మేనకోడలు: చూడాలి. ఇప్పుడు నాకు లైసెన్సు ఉంది గనక నువ్వు వెనక కూర్చోవచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. రేపు పొద్దున్నే వెళ్దాం. ధాన్యం కనపడ్డచోటా, వ్యాను కనపడ్డచోటా నాకు చెబుతూ ఉండు. భుజం మీద తడితే ఆపేస్తాను.

మేనమామ: అలాగే. మంచు విడిచాక బయల్దేరదాం.

మేనకోడలు: హెల్మెట్ ఉందా?

మేనమామ: వెనక కూర్చునేవాడికెందుకే?

మేనకోడలు: 129వ సెక్షను ఇద్దరికీ వర్తిస్తుంది. వెనకవాడి తలేమైనా గట్టిదా?

మేనమామ: తలపాగా కట్టుకుంటా.

మేనకోడలు: సర్దార్జీలకి ఒప్పుకున్నారు, నీకు కాదు.

మేనమామ: అయితే నేను ఆటోలో వస్తా. కైకలూరులో కలుద్దాం.

మేనకోడలు: రా. సెంటర్లో హెల్మెట్ల కొట్టు ముందు ఉంటాను. ఐఎస్ఐ మార్కు చూసి నీ తలకి సరిపోయేది కొంటాం, అక్కడి నుంచి ఏలూరు రోడ్డెక్కుదాం. డబ్బులు మాత్రం నువ్వే ఇవ్వాలి. ఏజెంటుకి ఇద్దామనుకున్న నాలుగు వేలు ఉన్నాయిగా.